పడుగు తెంపిన చెయ్యి

తూర్పుపాలెం మగ్గాల వీధిలో రాజ్యం అనే పదేళ్ళ పిల్ల ఉండేది. ఎదురుగా ఎవరి వీపు కనబడినా ఆ పిల్ల చేతులు ఊరుకునేవి కావు, తోసి తీరేవి.

బోరింగు దగ్గర నీళ్ళకు నిలబడితే ముందున్నవాళ్ళను తోసేది. బడిలో మధ్యాహ్నం అన్నాల వరసలో తోసేది. ఉయ్యాల ఊపమంటే, ఊగేవాళ్ళు "చాలే, చాలే తల్లీ" అని కేకలు పెట్టేదాకా తోసేది. ఇంట్లో తలుపును చేత్తో తీయదు, భుజంతో ఒక్క గుద్దు గుద్దుతుంది. పీటను ఎత్తి జరపదు, కాలితో నెడుతుంది. తోయడమే తప్పని కాదు. తోయకపోతే బండి కదలదు, తలుపు తెరుచుకోదు. అయితే ఎంత తోస్తున్నాం, ఎటు తోస్తున్నాం, అవతల ఏముంది అని ఒక్కసారి చూసుకోవాలి. రాజ్యానికి ఆ చూసుకోవడమే చేతకాదు.

ఇంకో చిత్రం ఏమిటంటే, ఎప్పుడు తోసినా వెనకనుంచే తోసేది. తోసిన మరుక్షణం చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశంలోకి చూసేది.

"ఎవరే తోసింది?" అని ముందున్నవాళ్ళు తిరిగి అడిగేవారు.

"నన్నడుగుతావేం? నేను కాకుల్ని లెక్కపెట్టుకుంటున్నాను" అనేది.

మగ్గాల వీధికి ఒక ఆచారం ఉండేది. ఎవరి ఇంట్లో కొత్త పడుగు సిద్ధమైనా, దాన్ని తెల్లవారగానే వీధిలో పరిచేవారు. పడుగు అంటే చీరకు నిలువుగా పోయే నూలు. వేల పోగులు పక్కపక్కన చేరి, వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా నడుమెత్తున సాగి ఉండేవి. ఒక చివర రాటకు కట్టేవారు. రెండో చివర మోకుతో బిగించి లాగి మేకుకు చుట్టేవారు. మధ్య మధ్య కత్తెరలా కట్టిన వెదురు కర్రలు దాన్ని మోసేవి. అటొకరు, ఇటొకరు నిలబడి, పెద్ద కుంచెలతో గంజి దువ్వుకుంటూ వీధి పొడుగునా నడిచేవారు. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. అందుకని ఇవాళ నీ పడుగుకు నేను కుంచె పడితే, రేపు నా పడుగుకు నువ్వు పట్టాలని ఆ వీధివాళ్ళ ఒప్పందం.

పడుగు పరిచిన రోజున పిల్లలు బడికి వెళ్ళడానికీ ఒక పద్ధతి ఉండేది. అందరూ ఒకరి వెనక ఒకరు, కుడిచెయ్యి గోడకు ఆనించి, మెల్లగా నడవాలి. పరుగు పనికిరాదు. నడవడం నేర్చిన పిల్లకు ఆ వీధిలో మొదట నేర్పే పాఠం అదే.

ఒకరోజు మార్కండేయులు ఇంటి పడుగు వీధిలోకి వచ్చింది. ఆరు చీరల పడుగు. ఎర్రనూలు మధ్య పచ్చటి చార, పొద్దుటి ఎండలో చూడముచ్చటగా ఉంది. ఇటువైపు మార్కండేయులు, అటువైపు రాజ్యం తండ్రి వీరాస్వామి కుంచెలు పట్టారు. మార్కండేయులు తల్లి భద్రమ్మ అరుగు మీద కూర్చుని, "అక్కడ తడి తక్కువైందిరా, ఇక్కడ పోగు అంటుకుందిరా" అని చెబుతోంది. ఆమెకు చూపు కాస్త మందగించింది గానీ పడుగు విషయంలో మాత్రం డేగ చూపే.

అరుగు చివర నాంచారమ్మ కూర్చుని నూలు చుడుతోంది. ఆ పడుగు నూలంతా ఎనిమిది రోజులపాటు ఆమె చేతుల మీదుగా వచ్చిందే. ఆమెకు భర్త లేడు. మార్కండేయులు ఇచ్చే నూలు చుట్టే పనే ఆమెకూ, కూతురు సుగుణకూ కూడు పెడుతోంది.

బడివేళకు నలుగురు పిల్లలు వరసకట్టి వచ్చారు. అందరికన్నా ముందు సుగుణ. గడకర్రలా సన్నగా ఉండే పిల్ల. ఆమె వెనక సోములు, సోములు వెనక భావన్న, అందరికన్నా చివర రాజ్యం.

భద్రమ్మ అరుగు వీధిలోకి నాలుగైదడుగులు పొడుచుకుని వచ్చి ఉంటుంది. అక్కడికొచ్చేసరికి వరస గోడ వదిలి పడుగు వైపు మళ్ళి, అరుగు మూల చుట్టూ తిరిగి పోవాలి. సుగుణ ఆ మూల దగ్గర ఆగింది. మార్కండేయులు కుంచె దువ్వుతూ ఆ వైపే వస్తున్నాడు. ఆయన దాటిపోయాక నడుద్దామని నిలబడింది. ఆమె ఆగితే సోములు ఆగాడు. సోములు ఆగితే భావన్న ఆగాడు.

దూరంగా బడి గంట మోగింది.

రాజ్యం కాళ్ళు నిలవలేదు. "నడవండర్రా! నిద్రపోతున్నారా?" అంది. ఎవరూ కదల్లేదు. ఎదురుగా భావన్న వీపు కనబడింది. ఇక చెప్పేదేముంది? రెండు చేతులూ ఎత్తి ఒక్క తోపు తోసింది.

భావన్న పోయి సోములు మీద పడ్డాడు. సోములు పోయి సుగుణ మీద పడ్డాడు. సుగుణ ముందు ఎవరూ లేరు. పడుగే ఉంది.

టపటపమని పోగులు తెగిన చప్పుడు వీధంతా వినబడింది. సుగుణ రెండు చేతులూ చాపి పడుగు మధ్యలో బోర్లా పడింది. రెండు వెదురు కత్తెరలు ఒరిగిపోయాయి. బిగిసి ఉన్న ఎర్రనూలు ఒక్కసారిగా సడలి, మట్టిని ముద్దాడింది. సుగుణ జడ నిండా గంజి.

రాజ్యం చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. కళ్ళు పైకి పోయాయి. ఆకాశంలో ఒక్క కాకి కూడా లేదు.

"ఓసి నీ! కళ్ళు నెత్తికెక్కాయటే?" మార్కండేయులు కుంచె పడేసి పరుగెత్తుకొచ్చాడు. "నెల రోజుల తిండి తొక్కేశావు గదే!"

సుగుణ లేచి నిలబడింది. ఏం జరిగిందో ఆ పిల్లకే తెలియలేదు.

"నా వెనకనుంచి..." అని భావన్న ఏదో అనబోయాడు.

"నువ్వు నోర్మూసుకో" అన్నాడు మార్కండేయులు.

అవతలివైపునుంచి వీరాస్వామి అందుకున్నాడు. "నలుగురూ నడుస్తున్నారు గదా, అందరూ పడ్డారా? మా రాజ్యం చూడు, చివర ఎంత కుదురుగా నిలబడిందో! ఆ కుదురు ఈ పిల్లకేదీ?"

రాజ్యం చెవులు కాలాయి. తండ్రి తనను నలుగురిలో మెచ్చుకోవడం అదే మొదలు. ఎన్నాళ్ళనుంచో ఆ మాట వినాలని ఉండేది. ఇప్పుడు విని, తండ్రి వైపు చూడలేక తల దించుకుంది.

మార్కండేయులు కోపం సుగుణ మీదనుంచి ఆమె తల్లి మీదకు పోయింది. "చూశావా నాంచారమ్మా? నువ్వు చుట్టిన నూలును నీ కూతురే నేలపాలు చేసింది. నేనింక నీకు నూలు ఇవ్వలేను. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

నాంచారమ్మ లేచి వచ్చింది. కూతుర్ని కొట్టలేదు. దగ్గరకు తీసుకుని, జడలో గంజిని కొంగుతో తుడవసాగింది. తుడిచి, సగం చుట్టిన నూలును ఆమె తిరిగి మార్కండేయులు గుమ్మంలో పెట్టేయడం రాజ్యం చూసింది.

"ఆగరా మార్కండేయులూ!" భద్రమ్మ అరుగు దిగింది. "ముందు పడుగు, తర్వాత తగువు. గంజి ఆరిపోతే పోగులు ఒకదానికొకటి అట్టలా అంటుకుంటాయి. నీళ్ళు చల్లు."

ఆమె వంగి, సడలిన నూలు మధ్య తడిమింది. పోగుల వరస తప్పకుండా వాటి మధ్య దూర్చే సన్నటి కర్రలు ఉంటాయి. అవి జారిపోతే ఏ పోగు ఎక్కడిదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అవి జారలేదు.

"కర్రలు ఉన్నాయి. బతికాం" అంది. తర్వాత లేచి, సుగుణ నిలబడిన మూలనూ, పడిన చోటునూ మార్చి మార్చి చూసింది. "ఇంకోటి. కాలు జారినవాళ్ళు ఉన్నచోటనే కూలబడతారు. ఈ పిల్ల బారెడు దూరం పోయి పడింది. ఇంత పిల్లకు అంత ఊపు ఎక్కడిదిరా?"

"ఎక్కడిదైతే ఏం, పడుగు తెగింది గదా!" అన్నాడు మార్కండేయులు విసుగ్గా. "మీరింకా ఇక్కడేం చూస్తున్నారర్రా? బడికి పొండి!"

పిల్లలు కదిలారు. రాజ్యం గుండెలమీద బరువు దిగిపోయినట్టయింది. పొమ్మన్నారు. ఎవరూ అడగలేదు. ఇంకో ఇరవై అడుగులు వేస్తే వీధి మలుపు. ఆ తర్వాత అంతా మామూలే.

ఈసారి సుగుణ చివర నడుస్తోంది. ఎంతసేపటికీ అడుగుల చప్పుడు దగ్గరగా వినబడకపోతే, రాజ్యం వెనక్కి తిరిగి చూసింది. సుగుణ చాలా వెనకగా, గోడకు వీపు రాసుకుంటూ వస్తోంది.

"ఏమే, అంత దూరంగా నడుస్తావేం?" అంది రాజ్యం.

"దగ్గరికొస్తే మళ్ళీ ఎవరి మీదైనా పడతానేమో" అంది సుగుణ. "నా కాళ్ళలో ఏదో జబ్బుందేమోనే. నాకు తెలియకుండానే పడ్డాను. అమ్మ పని పోయింది."

రాజ్యం అక్కడే ఆగిపోయింది. మలుపు ఇంకా ఆరేడడుగులే ఉంది. ఆ ఆరేడడుగులు పడలేదు. వెనక్కి తిరిగింది. చెయ్యి గోడకు ఆనించి, నడిచి వచ్చిన దారినే నడిచింది. ఏమైందో తెలియక మిగతా ముగ్గురూ ఆమె వెంట వచ్చారు.

"మామ్మా, ఒక చిన్న సంగతి చెప్పాలి" అంది భద్రమ్మ దగ్గర నిలబడి.

"పని చూస్తున్నావు గదే. చిన్నదైతే సాయంత్రం చెప్పు. పెద్దదైతే ఇప్పుడు చెప్పు."

రాజ్యం ఆలోచించింది. "కాస్త పెద్దదే మామ్మా. నేను భావన్నను తోశాను."

వీరాస్వామి చేతిలో కుంచె ఆగిపోయింది.

"బడి గంట మోగిందని తోశాను" అంది రాజ్యం గబగబా. "కొంచెమే తోశాను. భావన్ననే తోశాను. సుగుణను నేను ముట్టుకోనేలేదు, కావాలంటే అడగండి."

"అయితే సుగుణను తోసింది భావన్నా?" అన్నాడు మార్కండేయులు.

"నేనెక్కడ తోశాను?" భావన్న కయ్యిమన్నాడు. "నా మీద ఇది వచ్చి పడితే నేను సోములు మీద పడ్డాను!"

"నా ముక్కు చూడండి" అన్నాడు సోములు. "సుగుణ జడకు గుద్దుకుని ఎలా వాచిందో! నేను తోసేవాణ్ణయితే ముక్కుతో తోస్తానా?"

అంత కోపంలోనూ మార్కండేయులు పెదవుల మీద నవ్వు తొంగిచూసింది. భద్రమ్మ మాత్రం నవ్వలేదు.

"రాజ్యం, ఇలా చూడు. ఆ మూల కుళాయి తిప్పితే నీళ్ళు గొట్టంలోంచి పోయి ఈ మూల పడతాయి. తడిసినవాడు గొట్టాన్ని అంటాడా, కుళాయి తిప్పినవాణ్ణి అంటాడా?"

"తిప్పినవాణ్ణే."

"భావన్నా, సోములూ గొట్టం. వాళ్ళ ఊపు వాళ్ళది కాదు. సుగుణ ఊపు సుగుణది కాదు. మరి తిప్పింది ఎవరు?"

రాజ్యం కళ్ళు పైకి పోబోయాయి. బలవంతంగా కిందికి దించుకుంది. ఎదురుగా తెగిన పోగులు వేలాడుతున్నాయి.

"నేనే మామ్మా. కొంచెం కాదు, గట్టిగానే తోశాను." ఆమె మార్కండేయులు వైపు తిరిగింది. "బాబాయ్, నాంచారమ్మత్తను పని మాన్పించొద్దు. కావాలంటే నన్ను కొట్టు."

"నిన్ను కొడితే పోగులు అతుక్కుంటాయా?" అంది భద్రమ్మ. "పుస్తకాలు అరుగు మీద పెట్టు. వచ్చి కూర్చో."

వీరాస్వామి అవతలివైపునుంచి పడుగు చివర చుట్టి ఇటు వచ్చాడు. చెయ్యి లేస్తుందని రాజ్యం కళ్ళు మూసుకుంది. ఆయన కూతుర్ని దాటిపోయి సుగుణ ముందు నిలబడ్డాడు.

"చూడకుండానే నీ మీద మాట వేశానమ్మా. నా పిల్లను మెచ్చుకుని, నిన్ను తిట్టాను. తప్పయిపోయింది" అన్నాడు. తర్వాత రాజ్యం పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వెందుకు వీరాస్వామీ? కుంచె చూసుకో" అన్నాడు మార్కండేయులు.

"పిల్ల చేసిన పాడు పనికి పిల్ల ఒక్కతే కూర్చుంటే తండ్రిని నేనెందుకు? దీనికి ఊరి మీద చేతులు వెయ్యడం మాన్పించాల్సినవాణ్ణి నేను. ముద్దు చేసి ఊరుకున్నాను. సాయంత్రందాకా ఇక్కడే ఉంటాను" అన్నాడు వీరాస్వామి.

మార్కండేయులుకు ఇక మిగిలింది ఒక పని. అది పడుగు అతకడం కన్నా కష్టంగా తోచింది. గొంతు సవరించుకున్నాడు. "నాంచారమ్మా, నోరు జారాను. నీ చెయ్యి లేకపోతే ఈ పడుగు ఇవాళ లేవదు."

"చేసేది చేస్తానన్నయ్యా" అంది నాంచారమ్మ, కదలకుండా. "నన్నన్నది పోనీ. పిల్ల మాత్రం తన కాళ్ళకు జబ్బుందేమోనని ఇందాక నాతో అంది."

మార్కండేయులు సుగుణ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నీ కాళ్ళు బంగారంలాంటి కాళ్ళమ్మా. జబ్బు నా కోపానిది" అన్నాడు.

అప్పుడు నాంచారమ్మ కొంగు బిగించి వచ్చి కూర్చుంది.

తెగిన పోగు అతకాలంటే రెండు కొసలనూ దగ్గరకు తెచ్చి, వేలికి కాస్త బూడిద అద్దుకుని, మెలిపెట్టాలి. నాంచారమ్మ కనురెప్ప వేసేలోపు ఒకటి అతికేది. రాజ్యానికి మొదటిది అతకడానికి పావుగంట పట్టింది. పోగు కొసను రెండో కొస దగ్గరికి తోయాలని చూసింది. అది మధ్యలో వంగిపోయింది. ఇంకా గట్టిగా తోసింది. ఉండచుట్టుకుపోయింది.

"మామ్మా, ఇది పోదు!"

"తోస్తే పోతుందటే? బండిని తోయి, పోతుంది. తలుపును తోయి, పోతుంది. దారాన్ని తోస్తే ఎక్కడికి పోతుంది?" భద్రమ్మ ఆ పిల్ల వేళ్ళు పట్టుకుంది. "అవతలికొసను పట్టుకుని మెల్లగా నీ వైపు లాక్కో. అమ్మాయిని పిలిచినట్టు పిలువు. వస్తుంది."

రాజ్యం మెల్లగా లాగింది. వచ్చింది. మెలిపెట్టింది. నిలిచింది. ఆ పిల్ల మొహం చూసి వీరాస్వామి తల పక్కకు తిప్పుకున్నాడు, నవ్వు కనబడకుండా.

భావన్ననూ, సోములునూ బడికి పంపేశారు. సుగుణ మాత్రం వెళ్ళలేదు. తల్లి పక్కన చేరి అతకసాగింది. ఆమె వేళ్ళు తల్లి వేళ్ళలాగే చురుకు. రాజ్యం మూడు అతికేసరికి సుగుణ ఇరవై అతికేది. మొదట్లో ఇద్దరూ ఎవరి పోగు వాళ్ళే చూసుకున్నారు. ఎండ నడినెత్తికి వచ్చేవేళకు సుగుణ, "బూడిద ఎక్కువ అద్దకే. జారుతుంది" అంది. రాజ్యం తక్కువ అద్దింది. జారలేదు.

భద్రమ్మ పోగులు ఆరకుండా నీళ్ళు చల్లుతూనే ఉంది. వీధిలో ఇళ్ళవాళ్ళు అన్నాలు తిని, ఒక్కొక్కరే వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. పొద్దువాలేసరికి తెగిన పోగులన్నీ అతికాయి. ఒరిగిన కత్తెరలు లేచాయి. మార్కండేయులు మోకు పట్టి మెల్లగా బిగించాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఎర్రనూలు నేలనుంచి లేచింది, నడుమెత్తుకు వచ్చింది, బిగిసి నిలిచింది. ఒక్క పోగూ తెగలేదు.

"హమ్మయ్య!" అంది భద్రమ్మ, అరుగు మీద చతికిలబడి. ఆ ఒక్క మాట అందరి నోటా వచ్చింది. మట్టి అంటిన కాస్త మేరకు మళ్ళీ గంజి పట్టాలి, అది రేపు పొద్దుటి పని. పడుగు మాత్రం దక్కింది. మార్కండేయులు ఇంట్లోకి వెళ్ళి మరో కట్ట నూలు తెచ్చి, నాంచారమ్మ ఒళ్ళో పెట్టాడు.

"రేపు కాస్త పెందలాడే రా" అన్నాడు.

"వస్తానన్నయ్యా" అంది నాంచారమ్మ. అలా అంటూ ఆ కట్టను రెండు చేతులా దగ్గరకు తీసుకుంది. రాజ్యం అది కూడా చూసింది. ఆ రోజంతటిలో మొదటిసారి ఆ పిల్లకు గట్టిగా ఊపిరి ఆడింది.

మర్నాడు పొద్దున వరస కట్టేటప్పుడు సుగుణ అంది, "ఇవాళ నువ్వు ముందు నడువు. నీ వెనక నేనుంటా."

రాజ్యం ఒప్పుకుంది. ఒప్పుకోక తప్పుతుందా? అరుగు మూల దగ్గరికి వచ్చేసరికి వీరాస్వామి ఈసారి ఇటువైపు కుంచె దువ్వుతూ అడ్డం వచ్చాడు. రాజ్యం ఆగింది. ఎదురుగా బారెడు దూరంలో పడుగు. వెనక సుగుణ. రాజ్యం మెడ వెనక జలదరించింది. వీపు మీద ఇప్పుడు చెయ్యి పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంది. ఎదుటివాళ్ళ వీపుకు ఎలా ఉంటుందో ఆ పిల్లకు అంతవరకూ తెలియదు.

చెయ్యి పడలేదు.

దూరంగా గంట మోగింది. తిరిగి చూస్తే, సుగుణ రెండు చేతులూ పుస్తకాల సంచి మీద పెట్టుకుని, నవ్వుతూ నిలబడి ఉంది.

"నడువవే, మీ నాన్న దాటిపోయాడు" అంది.

రాజ్యం మెల్లగా నడిచింది.

పిల్లలూ, మనం వేసిన తోపు ఎందరి మీదుగా పోయి ఎక్కడ నష్టం చేసినా ఆ నష్టం మనదే. దాన్ని మనంతట మనమే ఒప్పుకుని, కూర్చుని సరిదిద్దాలి.